మట్టిలో దిగే విమానం

కోంటలో వ్యాపారం చేసే మా బావమరిది శ్రీరంగం చిన్న విమానం కొంటాడట. మూడింటి ఫొటోలు నా ముందు పరిచాడు.

"మీ చింతలనార్ కాడ మట్టి మైదానంల దిగాలె. ఏది మంచిది బావా?"

"రెక్కలు పైనున్న ఈ రెండోది. రాళ్లు తగలవు, టైర్లు లావుగున్నయ్. తలుపు గూడ పెద్దది."

"తలుపుతోని ఏం పని?"

"మంచం లోపలికి పట్టాలె."

నవ్వాడు. "ఏంది బావా! విమానాల గురించి ఎప్పుడు చదివినవ్ ఇంత?"

"బురదల దిగబడ్తదని నువ్వు జీపు ఇయ్యనన్న కాడ్నుంచి."

అతని నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు దోర్నపాల్ ఆసుపత్రికని మంచం మీద మేం మోసుకెళ్లింది అతని అక్కని, నా అన్నపూర్ణని. సగం దారిలోనే మూలుగు ఆగింది. అయినా నేను మంచం దించనివ్వలేదు.