టైముకొచ్చిన బండి

వీల్‌చెయిర్లు ఎక్కే బండి మొయినాబాద్‌లో అంజమ్మ వాకిట్లోనే నిలబడింది. ఫోన్లో మాత్రం ‘ఇంకా దారిలో ఉంది’ అని కనిపిస్తోంది.

“జంగయ్యా, వచ్చిన అని బటన్ ఒత్తెతందుకు ఏలు నొస్తదా?” కుర్చీని మెల్లగా గడప దాటించుకుంటూ అడిగింది.

“ముందు ఎక్కు అవ్వా,” నవ్వాడు డ్రైవర్.

ఆమె ఎక్కి బెల్టు పెట్టుకున్నాకే ఒత్తాడు. ఫోన్ ‘బండి లేటు’ అంది. చేవెళ్లలో డయాలసిస్ తప్పిపోతుందేమోనని ఆమెకు ప్రతిసారీ ఇదే గాబరా. దారిలోనే బండ్లు పంపే ఆఫీసుకు ఫోన్ కలిపింది.

“జర టైముకొచ్చేటోణ్ని పంపుండ్రి బిడ్డా. ఈయనది పెండ్లినడక.”

తర్వాతిసారి కొత్త డ్రైవర్ వచ్చాడు. గేటు దగ్గరే బటన్ ఒత్తాడు. అంజమ్మ మురిసిపోయింది. కుర్చీ ఇంకా గడప దాటకముందే ఫోన్ మోగింది. ‘ఐదు నిమిషాలు దాటాయి. మీ ట్రిప్ రద్దయింది.’

“ఆగు కొడకా! డయాలసిస్‌కు పోవాలె!”

“నా చేతుల లేదవ్వా. బటన్ ఒత్తంగనే టైము నడుస్తది. బండి ఇంకొకరికి పడ్డది.”

“మరి జంగయ్య ఎట్ల ఆగుతుండె?”

“ఆయన మీరు ఎక్కినంకనే ఒత్తుతుండె. లేటొస్తుండని ఎవరో ఫోన్ చేసిన్రంట, తీసేసిన్రు.”