కంగారు పడకు

"ముగ్గురు పోయిన్రు, ఇద్దరే వచ్చిన్రు. మా ఆయనేడీ?" ఉప్పల్ చౌరస్తాలో కారుకు అడ్డంగా నిలబడింది దోర్కా.

స్టీరింగ్ దగ్గర అబ్రహాం తల దించుకున్నాడు. "మూడు దినాలు సముద్రం పొంటి తిరిగినం వదినా. తొట్లకొండ మీద పాత గోడలు సూసినంక నేను కార్ల పండుకున్న. లేచేసరికి శామ్యూల్ లేడు."

"మెసేజ్ పెట్టాడుగా చెల్లెమ్మా!" అన్నాడు పక్కసీట్లోని కాకినాడ చిదంబరం.

దోర్కా ఫోన్ తీసి చదివింది. "భీమిలిలో ఆగిపోయాను. రెండ్రోజుల్లో వచ్చేస్తాను. కంగారు పడకు."

"చూశావా?"

"పదేండ్ల సంది నాకు 'ఆగిన, వస్త, ఫికర్ జెయ్యకు' అనే రాస్తడు అన్నా."

అబ్రహాం ఇంజిన్ ఆపి, తాళంచెవి గుప్పిట్లో బిగించాడు.

"కంగారు అన్న మాట మా ఆయన నోట ఎన్నడు రాలే," అంది దోర్కా. "గిది రాసింది నువ్వే, చిదంబరం."