వెనక్కి పిలవని కుర్చీ

ఆసుపత్రుల శాఖలో కొనుగోళ్లన్నీ ఒక మాట్లాడే కుర్చీకి అప్పగించిన రోజుల మాట. నమ్మితే నమ్మండి, బేరమాడేదీ అదే, ఒప్పందం రాసేదీ అదే. కంపెనీల తరఫున ఎదురుగా వచ్చి కూర్చునేవి కూడా కుర్చీలే. సరుకు ఇచ్చేవాళ్లలో మనిషిగా మిగిలింది చీపుళ్ల గౌరునాయుడొక్కడే. వాళ్ల వీధి మొత్తం ఆ ఒక్క ఒప్పందం మీదే బతుకుతోంది.

కుర్చీ ధర చెప్పింది. నాయుడు తాతతండ్రుల్లాగే తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"గిట్టదు బాబూ, నానెల్లొస్తాను" అంటూ లేచాడు.

బేరంలో అలా లేచినవాణ్ణి కొనేవాళ్లు గుమ్మం దాటేలోగా వెనక్కి పిలవాలి, పిలిచి కాస్త పెంచాలి. పాత స్టోర్ కీపరైతే మెట్ల దాకా వచ్చి మరీ పిలిచేవాడు.

"మీరు తప్పుకున్నట్టు నమోదు చేశాం. సెలవు" అంది కుర్చీ ఎంతో మర్యాదగా.

నాయుడు వరండాలో ఒక చెప్పు తొడుక్కుని కూర్చున్నాడు. ఆటోలో ఉన్న భార్య పైడమ్మ దిగి వచ్చింది.

"ఏటయ్యింది?"

"పిలుస్తాది. కూకో."

"రెండో చెప్పేసుకోవేటి?"

"ఏసుకుంటే ఎల్లిపోయాననుకుంటాది."

ఆమె పక్కన కూర్చుంది. అప్పటికే వేరే కంపెనీ చీపుళ్లు గేటు దాటి లోపలికి వచ్చేశాయి. ఊడ్చే యంత్రం వాటిలో ఒకటి అందుకుని, వరండా ఆ చివర నుంచి ఊడ్చుకుంటూ వచ్చి వాళ్ల ముందు ఆగింది.

"కాళ్లు ఎత్తండి" అంది.

పైడమ్మ చీపురు కేసి చూసింది. "మనది కాదు" అంది.

గౌరునాయుడు కాళ్లెత్తాడు.