నలభై ఆరో నంబరు బూట్లు

"ఆ బూట్లకి దుమ్ము పట్టింది చూశారా? ఇంట్లో మగమనిషి ఉన్నాడనిపించాలంటే రోజూ కాస్త అటూ ఇటూ జరపాలండీ," అన్నాడు యోస్ట్.

తాడు మీద తడి పైజమా ఆరేస్తున్న గుద్రున్ చేతులు ఆగాయి. ఆమెకి ఇల్లూ బండీ అయిన మోటర్‌హోమ్ మెట్టు పక్కన నలభై ఆరో నంబరు బూట్ల జత ఉంది. ఆమె ఒక్క క్షణం వాటివైపు చూసి నవ్వింది.

"కనిపెట్టేశారా?"

"పన్నెండు చలికాలాలుగా ఈ తీరానికి వస్తున్నాను. ఒంటరిగా తిరిగే ఆడవాళ్ల బళ్ల ముందు ఇలాంటి బూట్లు ఎన్ని చూశానో! కానీ పైజమా తడిపి మరీ ఆరేయడం మాత్రం మీ దగ్గరే చూశాను."

"చేసే పని పూర్తిగా చెయ్యాలి కదా," అంది గుద్రున్.

జనవరి నెల. స్పెయిన్‌లోని అల్మెరియా తీరంలో ఆ ఇసుక మీద ఉన్నవి మూడే బళ్లు. యోస్ట్ డచ్చివాడు. భార్య పోయాక ఒక్కడే తిరుగుతున్నాడు. గుద్రున్ జర్మనీ నుంచి వచ్చి మూడో రోజు. మూడో బండి ఫ్రెంచి ముసలావిడ ఒడెట్‌ది. ఆ పూటే ఆవిడకి బూట్ల సంగతి తెలిసింది. ఆవిడకిక కాలక్షేపానికి లోటు లేకపోయింది. బూట్ల మనిషి పేరు ఎకార్ట్ అంది గుద్రున్.

"ఎకార్ట్, కాఫీ కావాలా?" అని గుద్రున్ తలుపులోంచి లోపలికి అడిగితే, "పంచదార తక్కువ వేయమంటున్నాడు!" అని ఒడెట్ తన మడత కుర్చీలోంచి జవాబు చెప్పేది. ముగ్గురూ నవ్వుకునేవారు.

యోస్ట్ ఆమెకి నీళ్లు పట్టి తెచ్చేవాడు. ముందు చక్రాల కింద చెక్కలు సరిచేశాడు. ఓ రోజు ఆమె టాయిలెట్ డబ్బా మోసుకుపోతుంటే ఎదురొచ్చి అందుకున్నాడు.

"ఇది రోజూ ఖాళీ చేస్తారేంటండీ? ఒక మనిషికి మూడు రోజులు వస్తుందే!"

"నాకు వాసన పడదు," అని డబ్బా వెనక్కి లాక్కుంది.

అతను భోజనానికి వచ్చినప్పుడల్లా ఆమె బయటే బల్ల వేసేది. లోపలంతా చిందరవందరగా ఉంటుందనేది. పప్పు సూప్ ఎప్పుడూ పెద్ద గిన్నె నిండా కాచేది. అందులో కూరముక్క అన్నది పంటికి తగిలేది కాదు.

"పళ్లు లేనివాళ్లకి చేసినట్టు చేస్తారు," అన్నాడు ఓ మధ్యాహ్నం.

"అలవాటైపోయింది."

బండి లోపల ఏదో టకటకమంది.

"ఏమిటది?"

"పైకప్పు కిటికీ. గాలికి కొట్టుకుంటోంది." ఆమె లేచి వెళ్లి రేడియో గొంతు పెంచి వచ్చింది.

"నేను బిగిస్తాను ఉండండి."

"వద్దు, కూర్చోండి. సూప్ చల్లారిపోతుంది."

యోస్ట్ స్పూను కింద పెట్టాడు. మూడు వారాలుగా అడగాలనుకుంటున్నది అప్పుడు అడిగాడు.

"గురువారం ఓడెక్కి మొరాకో వెళ్తున్నాను. మార్చి చివరిదాకా అక్కడే. నా పక్క సీటు ఖాళీగా ఉంది."

గుద్రున్ బండి తలుపువైపు తిరిగి చూసింది. "నా బండి?" అంది.

"ప్లాస్టిక్ పందిళ్ల వెనక ఒక టమాటా రైతుకి కంచె వేసిన స్థలం ఉంది. నేనూ ఓ ఏడు అక్కడే పెట్టాను. తాళం వేసి వచ్చేస్తే మళ్లీ మనం వచ్చేదాకా అటు ఎవరూ తొంగి చూడరు."

"ఎవరూనా?"

"ఎవరూ."

"ఎకార్ట్‌ని వదిలి రావడమంటే..."

"మీ ఆయన పోయి ఎన్నాళ్లయిందండీ?"

"అతని గొంతు విని నాలుగేళ్లు."

"నాలుగేళ్లుగా ఇద్దరికి వండుతూనే ఉన్నారు. ఇక చాలు. కోప్పడకండి, నేనూ మా ఆవిడ కోటుని రెండేళ్లు పక్క సీటులో పెట్టుకు తిరిగాను. మనమూ బతకాలి కదా."

"నాకు అరవై ఒకటి," అంది గుద్రున్. "వచ్చి మూడు వారాలైంది. ఇంతవరకూ సముద్రంలో పాదం పెట్టలేదు, తెలుసా?"

"ఎవరాపారు?"

ఆమె బూట్లవైపు చూసింది.

బుధవారం పొద్దున్నే గుద్రున్ వచ్చి యోస్ట్ తలుపు తట్టింది. "వస్తాను," అంది. రాత్రంతా ఏడ్చినట్టుంది ముఖం.

ఒడెట్ ఆమెని గట్టిగా కావలించుకుంది. "వెళ్లు తల్లీ, బతుకు కాస్త. ఎకార్ట్‌కి కోపమొస్తే నా దగ్గరికి పంపు, నేను సర్దిచెప్తాను!"

గురువారం ఉదయం రైతు స్థలంలో రెండు బళ్లూ ఆగాయి. యోస్ట్ పద్ధతి మనిషి. గ్యాస్ బండలు కట్టేశాడు. కింద కొళాయి తిప్పి ట్యాంకులో నీళ్లన్నీ వదిలేశాడు. బయటి అరలోంచి బ్యాటరీ తీగ ఊడదీశాడు. లోపలి పని తాను చూసుకుంటానంది గుద్రున్. అరగంట పట్టింది. ఒక్క చిన్న సంచీతో బయటికొచ్చి తాళం రెండుసార్లు తిప్పింది.

"కిటికీలూ?"

"అన్నీ మూసేశాను. పైకప్పుది కూడా."

"మరి బూట్లో?"

"ఉండనివ్వండి. లోపల మనిషున్నాడనుకోవాలి కదా."

యోస్ట్ నవ్వుతూ బూట్ల దుమ్ము దులిపి, మెట్టు పక్కన జత సరిగా పెట్టాడు. వెళ్లబోతూ బండి గోడ మీద రెండుసార్లు తట్టాడు.

"ఎకార్ట్ గారూ, ఇల్లు జాగ్రత్త!"

గుద్రున్ అప్పటికే అతని పక్క సీట్లో కూర్చుని ఉంది. "పదండి, ఓడ తప్పిపోతుంది," అంది. బండి కదిలాక కళ్లు తుడుచుకుంది. "అక్కడ నీళ్లు వెచ్చగా ఉంటాయా?"

"దిగి చూద్దురు గానీ."

వాళ్ల బండి గేటు దాటింది. ప్లాస్టిక్ పందిళ్ల మధ్య మలుపు తిరిగింది. చక్రాల చప్పుడు దూరమైపోయింది.

లోపల, మంచం మీంచి ఎకార్ట్ ఎడమచెయ్యి గోడని రెండుసార్లు తట్టింది.