చిక్కు వెంట్రుకలు

ప్లాస్టిక్ కవరు వచ్చి మాబున్నీ మొహానికి తగిలింది. అందులోంచి నల్లటి వెంట్రుకల ఉండలు ఆసుపత్రి వరండాలో తలా ఒక దిక్కు దొర్లాయి.

"ఏమిటివి?" అంది హెస్సా.

రియాద్ నగరం మలాజ్ పేటలో మాబున్నీ పనిచేసే ఇంటి యజమానురాలు హెస్సా. లోపల ఆపరేషన్ బల్ల మీద ఉన్నది ఆమె కూతురు రీనాద్. వారం నుంచి ఏది తిన్నా కక్కేస్తోంది, కడుపు బిగుసుకుపోయింది. పేగుకు ఏదో గడ్డ అడ్డం పడిందని, తీయకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ పొద్దున చెప్పింది. పిల్ల బట్టల కోసం ఇంటికి వెళ్ళిన హెస్సా, పనిమనిషి పరుపు ఎత్తి చూసి, ఈ కవరుతో తిరిగొచ్చింది.

ఓస్, ఇంతేనా అనుకుంది మాబున్నీ, పిచ్చిది. రాయచోటిలో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. తల దువ్వుకున్నాక దువ్వెనకొచ్చిన చిక్కు వెంట్రుకలను ఉండచుట్టి దాచిపెడతారు. మోపెడ్ మీద వీధుల వెంట అరుచుకుంటూ వచ్చేవాడికి ఇస్తే స్టీలు గ్లాసో గిన్నో ఇచ్చిపోతాడు. దేశం మారితే చేతి అలవాటు మారుతుందా? సెలవుకు పోయినప్పుడు తీసుకుపోదామని దాచింది. హెస్సా దువ్వెన మాత్రం ఎప్పుడు సర్దబోయినా కడిగినట్టు ఉండేది. గొప్పోళ్ళకు జుట్టు కూడా రాలదు కాబోలు అనుకునేది.

తనకొచ్చిన వంటింటి అరబ్బీలో అదే చెప్పుకుంది. వెంట్రుకలిస్తే గిన్నె ఇస్తారంది. దాంతో కొంప మునిగింది.

"నా బిడ్డను ఎవరికి అమ్మావే?" హెస్సా ఆమె మణికట్టు దొరకబుచ్చుకుంది. "చేతబడి చేసి దాని కడుపులో గడ్డ పెట్టావు."

ఆ మాటకు ఇక్కడ శిక్ష ఏమిటో మాబున్నీకి తెలుసు. విమానం ఎక్కించి పంపేయడంతో పోదు. జైలు. ఆపైన తలే తీసేస్తారు, తలుచుకోవడానికే భయం. అవి పాపవి కావు, నావే, పాపకు చెవుల దాకా కూడా లేదు కదా జుట్టు అంటూ చున్నీ కిందనుంచి తన పొడుగు జడ లాగి చూపించింది. హెస్సా జడ వంక చూసింది గానీ చెయ్యి వదల్లేదు.

వరండా చివర డ్రైవరు ఇస్సాక్ నిలబడి ఉన్నాడు. అతనిదీ రాయచోటే, అరబ్బీ బాగా వచ్చు. వాళ్ళమ్మ గోడగూట్లో ఇలాంటి ఉండలే దాచేది.

"ఇస్సాకన్నా, నువ్వన్నా చెప్పు. మన ఊర్లో ఆడోళ్ళంతా చేసేదే గదా ఇది."

హెస్సా అతని వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది. అలాంటి ఆచారం తానెన్నడూ వినలేదన్నాడు ఇస్సాక్. తర్వాత తల వంచుకుని తెలుగులో గొణిగాడు.

"సౌదీవాళ్ళకే పనియ్యాలనే నితాకత్ అని, బయటోళ్ళ మీద లెవీ పన్నని కంపెనీలో మనోళ్ళనంతా పంపించేసినాడు వీసా ఇచ్చిన కఫీల్. మేడమేమో తనే కారు తోలేదానికి లైసెన్సు తీసుకుంటాంది. నా నోట్లో మన్ను కొట్టొద్దు మాబున్నీ."

"నీ నోట్లో మన్ను పడకుండా నన్ను మన్నులో పెడ్తావా అన్నా?"

అతను గోడవైపు తిరిగాడు. పిరికి సన్నాసి.

తిండిలో ఏం కలిపావని హెస్సా గద్దించింది. మాబున్నీకి ఒళ్ళు మండింది. పోతే పోనీ అని ఉన్నదున్నట్టు చెప్పింది. పాప తిండే ముట్టదంది. షాపుల్లో సౌదీ ఆడవాళ్ళనే పెట్టాలన్న రూలొచ్చి మీరు మాల్ ఉద్యోగానికి పోతున్నప్పటి నుంచీ మీ గదిలో దూరి మీ దిండు మీద పడుకుంటుంది, నేను లోపలికొస్తే తలుపేసుకుంటుంది అంది.

చెంప చెళ్ళుమంది. పనిమనిషి కూడా తన ఉద్యోగం మీద ఏడ్చేదే అయిందంటూ హెస్సా తన మొగుడికి ఫోను చేసి పోలీసులను తీసుకురమ్మంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ ట్రే పట్టుకుని బయటికొచ్చింది. పాపకు గండం గడిచిందని ముందు చెప్పింది. హెస్సా అల్లాకు మొక్కుకుంది. మాబున్నీ కూడా మొక్కుకుంది. ఆ పిల్లకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి కదా.

తర్వాత అందరూ ట్రేలోకి చూశారు. తడితడిగా నల్లటి ముద్ద. కడుపు ఎలా ఉంటుందో అచ్చంగా ఆ ఆకారంలోనే ఉంది, కింద పేగులోకి సాగిన తోకతో సహా. అంతా వెంట్రుకలే. పాపే మింగింది, అవి అరిగేవి కావు గనక పేరుకుపోయాయి అంది డాక్టరమ్మ.

"నల్లవి. పొడుగువి." హెస్సా పట్టు ఇంకా బిగిసింది. "నావేనని ఇది ఇప్పుడే నోటితో ఒప్పుకుంది. దీని దగ్గరే దాచిన సంచీ దొరికింది. ఇదే నా బిడ్డ చేత తినిపించింది."

మాబున్నీ తన వెంట్రుకల ఉండల మధ్యనే కూలబడింది. నావి కావు అందామంటే ఎవరు నమ్ముతారు? ఇస్సాక్ వంక చూసింది. అతను నేల వంక చూస్తున్నాడు.

డాక్టరమ్మ నేల మీది ఉండలను, మాబున్నీ జడను చూసి తల అడ్డంగా ఊపింది.

"రంగును బట్టి చెప్పలేం. కడుపులోని ఆమ్లానికి ఏ వెంట్రుకైనా నల్లబడిపోతుంది. ఈ పైవి చూడండి, నాలుగైదు రోజుల కింద మింగినవి. ఇంకా రంగు మారలేదు."

పటకారుతో ముద్ద పైపొరను లేపింది. అక్కడ వెంట్రుకలు బంగారు రంగులో మెరిశాయి.

"ఇంట్లో ఇలాంటి జుట్టు ఎవరికుంది?"

హెస్సా మాబున్నీ మణికట్టు వదిలేసి, నల్లటి ముసుగు కిందనుంచి నుదుటి మీదికి జారిన బంగారు రంగు పాయను లోపలికి తోసుకుంది.