ఆ నీళ్ళెక్కడికి పోతాయి?

“అభ్యంతరాలు ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చు,” అన్నాడు అధికారి, ఎవరికీ ఉండవన్న ధీమాతో. అప్పటికే పెన్నుకి మూత పెట్టేశాడు కూడా.

రెండో వరసలో ఒక పెద్దావిడ లేచి నిలబడింది.

హాల్లో సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్ళలో సగంమంది ఫ్యాన్ల కింద కునుకు తీస్తున్నారు. నది ఒడ్డున ఉన్న చిత్తడి నేలను మట్టితో పూడ్చి, దాని మీద షాపింగ్ కాంప్లెక్స్ కట్టుకుంటామని ఒక కంపెనీ అనుమతి అడిగింది. అనుమతి ఇచ్చేముందు జనం మాట వినాలని రూలు. ఆ వినడమేదో అయిపోతే భోజనానికి లేవొచ్చని అధికారి ఆశ.

కంపెనీ తరఫున వేదిక మీద ఇద్దరున్నారు. ఒకరు మేనేజరు, ఆయన పక్కన ఇంజినీరు. చిన్న వయసు అమ్మాయి. అప్పటిదాకా తెర మీద బొమ్మలు చూపిస్తూ, ఎక్కడా తడుముకోకుండా అంతా వివరించింది.

“పెద్ద విషయమేం కాదు బాబూ, చిన్న అనుమానం,” అంది పెద్దావిడ. “వానాకాలం నది పొంగితే ఆ నీళ్ళన్నీ పోయి చిత్తడిలో కూర్చుంటాయి. దాన్ని కాస్తా మీరు పూడ్చేస్తే, ఆ నీళ్ళెక్కడికి పోతాయి?”

మేనేజరు చిరునవ్వుతో ఇంజినీరు వైపు చూశాడు. నువ్వు చెప్పు అన్నట్టు.

“పైపులు వేస్తున్నామండీ,” అంది ఇంజినీరు.

“ఎన్ని?”

“రెండు.”

“ఎంత లావు?”

ఇంజినీరు చేతులు చాపి చూపించింది. పెద్దగా చాపాల్సిన పని పడలేదు.

“అంటే, నదిని తీసుకొచ్చి సూది బెజ్జంలో దూరుస్తారన్నమాట.”

ఎవరో కిసుక్కుమన్నారు. కునుకు తీస్తున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందని పక్కవాళ్ళని అడిగారు.

“మీరేం చదువుకున్నారమ్మా?” అన్నాడు మేనేజరు, మర్యాదగానే.

“చదువు నాకు అబ్బలేదు నాయనా. గట్టు కింద వీధిలో ఉంటాను. పోయినేడు వానలకి మంచం మీద పొయ్యి పెట్టుకుని వండాను. ఆ విద్య మాత్రం బాగా వచ్చు.”

అధికారి పెన్ను మూత తీశాడు.

“ఇంకొక్క అనుమానం,” అంది ఆవిడ. “అక్కడ నీళ్ళు ఎంతవరకు వస్తాయో కొలిచామన్నారు కదా. ఎప్పుడు కొలిచారు?”

ఇంజినీరు గొంతు సవరించుకుంది. “ఎండాకాలంలో.”

“ఎండాకాలంలోనా!” పెద్దావిడ బుగ్గలు నొక్కుకుంది. “నిద్రపోతున్న పెళ్ళికొడుకుని చూసొచ్చి, పాపం నోట్లో నాలుక లేనివాడని చెప్పినట్టుందే!”

హాలు గొల్లుమంది. ఇంజినీరు తల దించేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని మేనేజరు కంగారుపడి మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

“ఈవిడతో ఇంట్లో వేగేవాళ్ళెవరో గానీ, వాళ్ళకి దండం పెట్టాలి,” అన్నాడు వెనక వరసలో ఒకాయన.

ఇంతలో ఒక దర్జీ లేచాడు. “నా కుట్టుమిషన్ పోయినేడు అటకెక్కిందండీ. ఈసారి నన్ను కూడా ఎక్కమంటారా?”

అధికారి చెయ్యెత్తి అందర్నీ ఆపి, ఇంజినీరు వైపు తిరిగాడు. “వానాకాలంలో కొలిస్తే లెక్క మారుతుందా?”

మేనేజరు గట్టిగా దగ్గాడు. రెండోసారి ఇంకా గట్టిగా దగ్గాడు.

“మీరు అడిగారు కాబట్టి చెప్తున్నానండీ,” అంది ఇంజినీరు. “మారుతుంది.”

“మారితే?”

“గట్టు కింద వీధిలో నీళ్ళు కిటికీల దాకా రావచ్చు.”

నవ్వులు ఆగిపోయాయి. పెద్దావిడ మెల్లగా కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

అధికారి భోజనం మాట మరిచిపోయి చాలాసేపు రాశాడు. చివరికి తలెత్తి, ఒక వానాకాలమంతా కొలతలు తీసుకుని మళ్ళీ రమ్మన్నాడు. అప్పటిదాకా అక్కడ తట్టెడు మట్టి కూడా పోయడానికి వీల్లేదన్నాడు.

బయటికొచ్చాక మేనేజరు మెట్ల మీద నిలబడి నిట్టూర్చాడు.

“నీ తప్పేం లేదులేమ్మా. వానలు పడేదాకా ఆగుదామని నువ్వు మొత్తుకుంటూనే ఉన్నావు. నేనే వినలేదు. అయినా ఆ అనుమానం ఆవిడకే రావాలా? సరిగ్గా పుండు ఎక్కడుందో చూసి మరీ కారం చల్లింది. పాపం, నిన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది.”

“పోనీలెండి సార్, పెద్దవాళ్ళు కదా.”

“నీది మరీ మెతక మనసమ్మా. కారెక్కు, ఇంటి దగ్గర దింపేస్తాను.”

“వద్దు సార్, బస్సులో వెళ్తాను.”

బస్‌స్టాపులో ఉన్నది ఒక్కటే బెంచీ. పెద్దావిడ దాని మీద కూర్చుని, చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటోంది. ఇంజినీరును చూసి నొక్కడం ఆపింది.

ఇంజినీరు పలకరించలేదు. మేనేజరు కారు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అటే చూసింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, వచ్చి పెద్దావిడ ఎదురుగా నిలబడింది.

“చిత్తడిలో చేపలు గుడ్లు పెట్టే సంగతి అడగనేలేదేంటి అత్తయ్యా, పొద్దున కూరలు తరిగేటప్పుడు మీచేత రెండుసార్లు అప్పజెప్పించాను కదా!”