పెళ్లికార్డులో టర్బో కారు

"క్లచ్ పోయింది సార్," అన్నాడు క్రాంతికుమార్, స్టీరింగ్ మీద చెయ్యి తియ్యకుండానే.

ముందు సీట్లో పెళ్లికొడుకు తండ్రి ఆంథోని, వెనక సీట్లో పెళ్లికొడుకు జస్టిన్, తల్లి జోజమ్మ. ముగ్గురూ ఒకేసారి వాచీలు చూసుకున్నారు. తొమ్మిదిన్నర. ఎర్రటి టర్బో కారు వాగు మీది కల్వర్టు దగ్గర నిలిచిపోయి ఉంది. పదిన్నరకు దమ్మపేట చర్చిలో పెళ్లి. ఇంకా రెండు కిలోమీటర్లు పోవాలి. ఆలస్యమైతే ఫాదర్ ఏమీ అనరు. ప్రసంగం మాత్రం పెంచుతారు.

"ఇప్పటిదాక మంచిగనే వచ్చింది గద," అన్నాడు ఆంథోని.

నిజమే. పొద్దున లేచేసరికి కిరాయి కారు వాళ్ల ఇంటి ముందు వాలు మీద నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరికీ వినబడలేదు. ఎక్కాక ఎప్పుడు కదిలిందో కూడా తెలియలేదు. అడిగితే, టర్బోకు సప్పుడుండదని చెప్పాడు క్రాంతికుమార్. వాలంతా మెత్తగా జారుకుంటూ వచ్చింది.

"క్లచ్‌కు ఎంతయితది?"

"మామూలు కారుకైతే ఐదారు వేలు. దీనికి సెట్టుకు సెట్టు మార్చాలె. హైదరాబాదుల డెబ్బై వేలు చెప్తరు. గన్ని పైసలు పెట్టేకంటే ఇంజనే అమ్ముకోవచ్చు."

ఆంథోని నవ్వాడు. డెబ్బై వేల క్లచ్ ఉన్న కారులో కూర్చున్నానని కొంచెం గర్వం కూడా కలిగింది.

"చూడుండ్రి సార్, ప్లేటు కాలిన వాసన."

ఆంథోని గట్టిగా పీల్చాడు. "అవ్. బాగ కాలింది."

"నాకు ఎండుగడ్డి వాసనొస్తంది," అంది జోజమ్మ.

"కార్ల సంగతి నీకేం తెలుసు," అన్నాడు ఆంథోని. ఆయన కారెక్కడం జీవితంలో అది రెండోసారి.

వెనకాల ఆటోలో వస్తున్న పక్కింటి భీమ్లా దిగి వచ్చాడు. "బానెట్ లేపన్నా, చూస్త. నా ఆటో ఇంజన్ నేనే ఇప్పుకుంట."

"టర్బో వేడి మీదున్నది. లేపితే మొఖం కాల్తది," అన్నాడు క్రాంతికుమార్.

భీమ్లా రెండడుగులు వెనక్కి వేశాడు. "అయితే నా ఆటోల పోదాం కాకా. పది నిమిషాల పని."

ఆంథోని జేబులోంచి పెళ్లికార్డు తీశాడు. బైబిలు వాక్యం, దాని కింద వధూవరుల పేర్లు, వాటి కింద బంగారు అక్షరాల్లో 'వరుడు టర్బో కారులో విచ్చేయును'. కుసుమంచిలో ఆడపెళ్లివారికి ఇలాంటివి రెండు వందలు పంచాడు.

"ఇది చదివినోళ్ల ముంగట నా కొడుకు ఆటో దిగుతడా?"

"పోనీ, కారును ఆటోకు కట్టి గుంజుత."

"టర్బో కారు ఆటో ఎనక పోతదా? ఇజ్జత్ ఏం గావాలె?"

"నాకు పెళ్లయితే చాలు నాయినా," అన్నాడు జస్టిన్. పెళ్లికొడుకు మాట కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడే కల్వర్టు పక్క నుంచి మెడగంటల చప్పుడు వినబడింది. అడవి పక్క పల్లె రైతు ముసలయ్య, చేతిలో ముల్లుకర్ర, ముందు ఎద్దుల జత. కొమ్ములకు ఎర్రరంగు.

"పెద్దాయనా, చర్చిదాక గుంజుతవా?" అడిగాడు క్రాంతికుమార్.

"చేనుకు పోతున్న."

"మూడొందలిస్త," అన్నాడు ఆంథోని. ఎద్దులైతే మన సంప్రదాయమని చెప్పుకోవచ్చని ఆయనకు అప్పటికే తట్టింది.

ముసలయ్య ఆకాశం వైపు చూశాడు. "ఐదొందలు. టర్బో అంటున్నరు గద, బరువుంటది."

"పండుగ గూడ కాదు, కొమ్ములకు రంగేంది?" అంది జోజమ్మ.

"ఎద్దులకు మాత్రం ముచ్చటుండదా తల్లీ."

తాడు డిక్కీలోనే దొరికింది. ఎవరూ తోలకుండానే ఎద్దులు వెళ్లి బంపరు ముందు నిలబడ్డాయి. అందులో ఒకటి వెనక్కి తిరిగి బానెట్ మీద మూతి పెట్టింది.

"దానికి గూడ టర్బో నచ్చింది," అన్నాడు ఆంథోని.

క్రాంతికుమార్ గబగబా దాని మొఖం రోడ్డు వైపు తిప్పాడు.

హారన్ మోగింది. టేపులో పాటలు మోగాయి. పదీ ఇరవైకి ఎద్దుల మెడగంటల మోతతో టర్బో కారు చర్చి ముందు ఆగింది. కుసుమంచి వాళ్లు కార్లు చూశారు, ఎద్దులు చూశారు, రెండూ ఒకచోట చూడలేదు. తెల్ల గౌనులో ఉన్న పెళ్లికూతురు బ్లెస్సీ నవ్వు ఆపుకోలేక పూలగుత్తి అడ్డం పెట్టుకుంది.

"ఏంది బావా ఇది?" అడిగాడు బ్లెస్సీ మేనమామ.

"డెబ్బై వేల క్లచ్చు బావా," అన్నాడు ఆంథోని తాపీగా. "ఊకె తోలితే అరుగుతది. గందుకే ఎద్దుల్ని పెట్టినం."

మేనమామ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తన కూతురి పెళ్లి మే నెలలో ఉంది. క్రాంతికుమార్ సెల్ నంబరు అడిగి రాసుకున్నాడు.

"పోయేటప్పుడు నేను గూడ దాంట్లనే వస్త," అంది బ్లెస్సీ.

పెళ్లయింది. ఫాదర్ ప్రసంగం పెంచలేదు. ఆయనకూ బయటికొచ్చి ఎద్దుల్ని చూడాలని ఉంది.

ఆంథోని మాత్రం క్రాంతికుమార్‌ను పక్కకు పిలిచాడు. "మా బరువుకే పోయినట్టుంది క్లచ్," అని జోజమ్మ వైపు ఒకసారి చూసి, రెండు వేలు చేతిలో పెట్టాడు. "రిపేరుకు మా వంతు."

"వద్దు సార్," అన్నాడు క్రాంతికుమార్. రెండోసారి కూడా వద్దన్నాడు. మూడోసారికి పెద్దవాళ్ల మాట కాదనలేకపోయాడు.

బిర్యానీ డేగిసా మూత తీసిన చప్పుడైంది. చర్చి ముందు ఉన్నవాళ్లంతా అటు నడిచారు. వేపచెట్టు కింద కారు, ఎద్దులు, ముసలయ్య మిగిలారు.

క్రాంతికుమార్ చుట్టూ ఒకసారి చూసి, బానెట్ ఎత్తి, ఇంజన్ ఉండాల్సిన చోట నిండా ఉన్న గడ్డిని ఎద్దులకు వేశాడు.